టెక్సాస్ ప్రైమరీకి ఎలా సిద్ధపడాలి? నవంబర్లో వేస్తే చాలదా?

అడిగినవారు ఈమధ్యే అమెరికా సిటిజన్ అయ్యారట, టెక్సాస్‌లో ఉంటున్నారట. మార్చిలో ప్రైమరీ (నవంబర్ అసలు ఎన్నికకు ఒక్కో పార్టీ తన అభ్యర్థి ఎవరో ఓటర్లతో తేల్చుకునే ఎన్నిక) ఉందంటున్నారు, దానికి ప్రిపేర్ కావాలా, నవంబర్లో వెళ్లి వేస్తే సరిపోదా అని ప్రశ్న.

సరిపోదు. నవంబర్లో మనిషి ఎవరో తెలియకపోయినా పేరు పక్కన పార్టీ ఉంటుంది, దాన్ని చూసి వేసి రావచ్చు. ప్రైమరీలో అందరిదీ ఒకే పార్టీ. కొన్ని పదవులకు ముగ్గురు నలుగురు కూడా ఉంటారు, ఎవరేమిటో బ్యాలెట్ మీద ఒక్క ముక్క ఉండదు. ఇంట్లో చదువుకోకుండా వెళితే పేరు బాగుందని వేసి రావడమే. పైగా టెక్సాస్‌లో చాలా కౌంటీల్లో ఏదో ఒక పార్టీకే గట్టి పట్టు. కౌంటీ కమిషనర్ ఎవరు, జిల్లా జడ్జి ఎవరు అన్నది మార్చిలోనే తేలిపోతుంది. కొన్ని పదవులకు నవంబర్లో రెండో పార్టీ మనిషినే నిలబెట్టదు. మరి అంత ముఖ్యమైన రోజున ఎంతమంది వస్తున్నారు? 2022 ప్రైమరీ నాటికి రాష్ట్రంలో రిజిస్టరైన ఓటర్లు సుమారు 1 కోటి 72 లక్షలు. రెండు పార్టీలవీ కలిపితే పడిన ఓట్లు దాదాపు 30 లక్షలు. మిగతావాళ్ల తరఫున కూడా ఆ 30 లక్షల మందే తేల్చేశారు.

ఎలా సిద్ధపడాలో మా నాన్నను చూసి నేర్చుకున్నాను. ఆయన గుంటూరు జిల్లాలో హైస్కూల్ మాస్టారుగా రిటైరయ్యారు. సర్వీసంతా ఎన్నికల డ్యూటీలే. ప్రిసైడింగ్ ఆఫీసరుగా ముందురోజే సామగ్రి తీసుకుని ఏదో ఊరికి వెళ్లి, ఆ బడిలోనే బల్లలు కలుపుకుని పడుకునేవారు. ఇక్కడ సిటిజన్ అయ్యాక ఆయన వేసిన మొదటి ఓటు 2022 మార్చి ప్రైమరీలో. అక్కడైతే ఓటరు స్లిప్పు ఇంటికొస్తుంది, అభ్యర్థి గుమ్మం ముందుకొస్తాడు. ఇక్కడ అన్నీ మనమే వెతుక్కోవాలి. అందుకని ఒక ఆదివారం భోజనాలయ్యాక శాంపిల్ బ్యాలెట్ ప్రింటు తీయించి డైనింగ్ టేబుల్ మీద పరిచారు. కౌంటీ ఎన్నికల ఆఫీసు వెబ్‌సైట్‌లో మన పేరు, పుట్టినతేదీ కొడితే సరిగ్గా మనకొచ్చే బ్యాలెట్టే కనబడుతుంది. అదే తీసుకోండి. స్నేహితుడిది చూసి సరిపెట్టుకోవద్దు. ఫ్రిస్కోలో కొంత భాగం కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఒకే ఊళ్లో ఉన్న ఇద్దరికి వేరే వేరే బ్యాలెట్లు వస్తాయి, ముందస్తు ఓటుకు వెళ్లే చోట్లు కూడా వేరే.

"పైనుంచి వద్దు, కిందినుంచి మొదలుపెడదాం" అన్నారు నాన్న. "గవర్నర్ సంగతి టీవీ వాళ్లు చెబుతారు. వీళ్ల సంగతి ఎవరు చెబుతారు?"

కింద జస్టిస్ ఆఫ్ ది పీస్ పదవి ఉంది. మనవాళ్లు కళ్లెత్తి కూడా చూడరు దాన్ని. అద్దె ఇల్లు ఖాళీ చేయించే కేసులు, 20,000 డాలర్ల లోపు డబ్బు తగాదాలు అన్నీ ఆ కోర్టులోనే. ఆ కుర్చీలో కూర్చునే మనిషి లాయరై ఉండాలన్న రూలు కూడా టెక్సాస్‌లో లేదు. కొన్నేళ్ల క్రితం మేం అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తే వాళ్లు డిపాజిట్ తిరిగివ్వకుండా నెలల తరబడి తిప్పారు. చట్టప్రకారం 30 రోజుల్లో ఇవ్వాలి, కోసుకుంటే ఏం కోసుకున్నారో లెక్క రాసివ్వాలి. అలాంటి కోర్టుకే వెళ్లాం, లాయర్ లేకుండా. జడ్జి మేం చెప్పింది ఓపిగ్గా విన్నాడు, డబ్బు ఇప్పించాడు. ఆ ఒక్క పూటతో నాకు అర్థమైంది, మన నిత్యజీవితానికి వాషింగ్టన్ కంటే ఈ పదవి ఎంత దగ్గరో.

నాన్న ఆ పదవికి పోటీచేస్తున్న ఇద్దరి వెబ్‌సైట్లూ చదివారు. కుటుంబం, విలువలు, కష్టపడే తత్వం, పక్కన కుక్కపిల్లతో ఫొటో. రెండూ ఒకటే. "ఇందులో పని గురించి ఏముందిరా?" అని విసుక్కుని, ఒకరి పేజీ కింద ఫోన్ నంబర్ కనబడితే చేసేశారు. మనిషే ఎత్తాడు! నాన్న తన బడి ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు: ఇంగ్లీషు సరిగా రాని కిరాయిదారు వస్తే మీ కోర్టులో ఎలా? ఆయన, ఫలానా కేసు ఎలా తీరుస్తానో ముందే మాటివ్వకూడదు, కోర్టు ఎలా నడుపుతానో మాత్రం చెబుతాను అని, దుబాసీ ఏర్పాటు, సాయంత్రం పూట విచారణలు, కాగితాల గడువులు అన్నీ వివరించాడు. రెండో ఆయనకు మెసేజ్ పెడితే పలకలేదు. నాన్న నోటు పుస్తకంలో ఆ పదవి పక్కన ఒక పేరు రాసి, కింద గీత గీశారు.

జడ్జీల విషయంలో డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల లాయర్ల సంఘాలే అభ్యర్థుల మీద లాయర్ల అభిప్రాయం అడిగి పోల్ పెట్టి ఫలితాలు బయటపెడతాయి, చదవండి. ఏ పార్టీకీ చెందని లీగ్ ఆఫ్ ఉమెన్ ఓటర్స్ అనే సంస్థ వాళ్ల గైడులో అభ్యర్థులు సొంత మాటల్లో రాసిన జవాబులు ఉంటాయి. జవాబు ఇవ్వని అభ్యర్థి కనబడితే అది కూడా సమాచారమే. పోస్టులో వచ్చే నిగనిగలాడే కార్డులు మాత్రం నేరుగా చెత్తబుట్టలో వేయండి. ఎదుటివాడి మొహాన్ని నల్లగా చేసి ముద్రించడం తప్ప వాటిలో ఏమీ ఉండదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన "వీళ్లకే వేయండి" లిస్టు కూడా అంతే. నాకు దీని మీద నిజంగా కోపం. మంగళగిరి సీటు గురించి, మల్కాజిగిరి సీటు గురించి అర్ధరాత్రి దాకా వాదించుకునే గ్రూపుల్లో, మన ఇంటి పన్నులో కౌంటీ వాటా రేటు పెట్టే కమిషనర్ పేరు అడిగితే ఒక్కరు చెప్పరు. నవంబర్లో ప్రాపర్టీ టాక్స్ బిల్లు రాగానే మాత్రం అందరూ గగ్గోలు.

పేర్లు కాగితం మీదే రాసుకోండి. ఓటేసే చోటుకు 100 అడుగుల లోపల ఫోన్ వాడనివ్వరు, కాగితం చూసుకోవచ్చు. ఒంటి మీద అభ్యర్థి పేరున్న టీషర్టు, టోపీ ఉండకూడదు. ఐడీకి టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్ గానీ, అమెరికా పాస్‌పోర్టు గానీ, ఫొటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ గానీ చాలు.

లోపలికి వెళ్లగానే ఏ పార్టీ బ్యాలెట్ కావాలని అడుగుతారు. నాన్న అక్కడ ఆగిపోయారు. బూత్‌లో ఎవరైనా పార్టీ పేరెత్తితే బయటికి పంపే డ్యూటీ చేసిన మనిషి. నావైపు తిరిగి, చెప్పొచ్చా అని కళ్లతో అడిగి, అప్పుడు మెల్లగా చెప్పారు. మీకూ ఆ ఇబ్బంది ఉంటే ముందే మనసు సిద్ధం చేసుకోండి. ఏ పార్టీ ప్రైమరీలో వేశారన్నది రికార్డులో ఉంటుంది, ఎవరికి వేశారన్నది ఉండదు. నవంబర్లో మీ ఇష్టం, ఎవరికైనా వేసుకోవచ్చు.

ఒక్క కట్టుబాటు ఉంది. ఎవరికీ సగం కంటే ఎక్కువ ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మే నెలలో మళ్లీ ఓటింగు, అంటే రనాఫ్, పెడతారు. మార్చిలో ఒక పార్టీలో వేసినవాళ్లు రనాఫ్‌లో రెండో పార్టీకి మారకూడదు. ఆ నోటు కాగితం దాచుకోండి, రనాఫ్‌కు జనం ఇంకా తక్కువ వస్తారు. 2024 మేలో అప్పటి రాష్ట్ర అసెంబ్లీ స్పీకర్ డేడ్ ఫీలన్ అంతటివాడు తన సొంత సీటు రనాఫ్‌లో 400 ఓట్ల లోపు తేడాతో గట్టెక్కాడు. 400 అంటే మన ఉగాది ఫంక్షన్‌లో భోజనాల దగ్గర కనబడేంత మంది.

అన్నిటికంటే ముందు, మీరు కొత్త సిటిజన్ కాబట్టి, రిజిస్ట్రేషన్ చూసుకోండి. టెక్సాస్‌లో కొత్త ఓటరు ఊరికే ఆన్‌లైన్‌లో కొట్టేస్తే కాదు, ఫారం మీద సంతకం చేసి పోస్టులో పంపాలి, లేదా స్వయంగా ఇవ్వాలి. ఎన్నికకు 30 రోజుల ముందే గడువు ముగుస్తుంది కాబట్టి సంక్రాంతి లోపే పంపేయండి. ఓటరు కార్డు చేతికొచ్చాక పేరు, అడ్రసు లైసెన్స్‌తో సరిపోల్చుకోండి. మన ఇంటిపేర్ల స్పెల్లింగ్ తరచూ తేడాగా పడుతుంది.