ప్రయోగశాల ప్రశ్నలు – జవాబులు: పాంటోథెనేట్ జన్యువు ఎక్కడుంది?

ప్రశ్న: పాంటోథెనేట్ (బి5 విటమిన్) కలిపితే తప్ప పెరగని ఇ. కోలై మ్యూటెంట్లు (జన్యువు మారిన రకాలు) మూడు దొరికాయి. ఒకదానికి ఆ విటమిన్ ముడిసరుకుల్లో ఒకటైన బీటా అలనిన్ ఇచ్చినా సరిపోతోంది. బీటా అలనిన్ తయారీకి కావలసిన పాన్‌డి జన్యువు పోయిందనుకుని, నూరు నిమిషాలుగా కొలిచే క్రోమోజోమ్ మ్యాప్‌లో 3వ నిమిషం దగ్గర టిఎన్10 (టెట్రాసైక్లిన్‌కు లొంగకుండా చేసే డీఎన్‌ఏ ముక్క) ఉన్న దాత నుంచి పి1 ఫేజ్‌తో (బ్యాక్టీరియాకు సోకే వైరస్‌తో) జన్యువులను మోయించి ట్రాన్స్‌డక్షన్ చేశాం. మొదటిసారి విటమిన్లు కలపని మినిమల్ ప్లేటు మీద ప్యాచ్‌లన్నీ పెరిగాయి. దాతను కూడా అదే ప్లేటులో కంట్రోల్‌గా పెట్టాం. కణాలను కడిగి మళ్లీ చేస్తే ఒక్కటీ పెరగలేదు. ఏది నమ్మాలి?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: మొదటిదాన్ని వదిలేయండి. ఇ. కోలై తన అవసరానికి మించి ఎన్నో రెట్లు పాంటోథెనేట్ తయారుచేసి బయటికి వదులుతుంది. మీ దాతే పక్కనున్న ప్యాచ్‌లను మేపింది. దానికి తోడు పోషకాలు నిండిన ఎల్‌బీ మాధ్యమంలోని ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ నుంచి అంటుకొచ్చిన విటమిన్ ఒకటి. కో ఎంజైమ్ ఎ తయారీకి ఈ విటమిన్ రవ్వంత చాలు, అందుకే ఈ జన్యువుల పనిలో ఇంత మడి తప్పదు.

ఎంపిక ఎప్పుడూ ఎల్‌బీ మీదే చేయండి: మి.లీ.కు 10 మైక్రోగ్రాముల టెట్రాసైక్లిన్, ఫేజ్ మళ్లీ సోకకుండా 5 మిల్లీమోలార్ సోడియం సిట్రేట్. అక్కడ బాగుపడ్డవీ పడనివీ సమానంగా వస్తాయి కాబట్టి లెక్క నిజాయితీగా ఉంటుంది. తర్వాత ఒక్కో కాలనీని 0.85 శాతం ఉప్పునీటిలో రెండుసార్లు కడిగి, మినిమల్ ప్లేటుకు పాతిక మించకుండా 5 మైక్రోలీటర్ల చొప్పున చుక్కలు పెట్టండి. కంట్రోళ్లకు వేరే ప్లేటు. కోనసీమ ఉక్కకు ప్లేట్లు చెమర్చి చుక్కలు పాకి కలిసిపోతాయి. ముందురోజే పోసి ఆరనివ్వండి.

రెండో ఫలితాన్ని నమ్మే ముందు అదే లైసేట్‌ను (దాత మీద పెంచిన ఫేజ్ ద్రవాన్ని) మిగతా రెండు మ్యూటెంట్ల మీద ప్రయోగించండి. అవి ఈ విటమిన్ తయారీలోని పాన్‌బి, పాన్‌సి జన్యువులు పోయినవైతే, ఆ జన్యువులూ 3వ నిమిషం దగ్గరివే కనుక టిఎన్10తో పాటు బాగుపడాలి. నూటికి 51 బాగుపడ్డాయనుకోండి. 0.51కి ఘనమూలం దాదాపు 0.8. దాన్ని 1లోంచి తీసేసి, మిగిలిన 0.2ని ఫేజ్ మోయగల 2 నిమిషాలతో గుణిస్తే దూరం 0.4 నిమిషం. నిమిషానికి సుమారు 46 కిలోబేస్‌లు, అంటే 18, 19 కిలోబేస్‌లు. బి, సి లలో ఏదో ఈ లెక్క చెప్పదు. బీటా అలనిన్‌తో కలిసి పాంటోథెనేట్ అయ్యే పాంటోయేట్ ఇచ్చి చూడండి: బి పోయినది పెరుగుతుంది, సి పోయినది పెరగదు.

ఆ రెండూ బాగుపడి, బీటా అలనిన్ మ్యూటెంట్ మాత్రం పడకపోతే సంతోషించండి, మీకు పాన్‌ఎమ్ దొరికి ఉండొచ్చు. పాన్‌డి ప్రొటీన్ పుట్టగానే పనిచేయదు. 24వ గ్లైసిన్‌కూ 25వ సెరీన్‌కూ మధ్య తనను తాను కోసుకున్నాకే ఎంజైమ్ అవుతుంది. ఆ కోతకు పాన్‌ఎమ్ ప్రొటీన్ సాయం కావాలి. దాని జన్యువు ఎక్కడో 77వ నిమిషం దగ్గరుంది. మేపి చూస్తే పాన్‌డి, పాన్‌ఎమ్ మ్యూటెంట్లు రెండూ ఒకేలా కనిపిస్తాయి, మ్యాపింగే వాటిని విడదీస్తుంది. ఆ ప్రాంతపు టిఎన్10తో మళ్లీ చేయండి.

ప్రశ్న: రొయ్యల చెరువు నుంచి తీసిన ఇ. కోలై సల్ఫా మందుకు లొంగడం లేదు. సల్ఫా దెబ్బతీసే ఎంజైమ్ తాలూకు ఫోల్‌పి జన్యువులో మార్పును మ్యాప్ చేయాలా?
– లెక్చరర్, భీమవరం

జవాబు: ఇప్పుడే వద్దు. మీ ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరుతో ముడిపడ్డ ఫోలిక్ యాసిడ్ దారినే సల్ఫా అడ్డుకుంటుంది. కానీ చెరువు బ్యాక్టీరియాలో ఈ నిరోధకత ఎక్కువగా ప్లాస్మిడ్ల (క్రోమోజోమ్‌కు బయట ఉండే డీఎన్‌ఏ వలయాల) మీది సల్1, సల్2 జన్యువుల వల్ల వస్తుంది. క్రోమోజోమ్ మ్యాప్‌లో ఎంత వెతికినా అవి కనిపించవు. ముందు పీసీఆర్ చేయండి. తర్వాత రిఫాంపిసిన్‌కు లొంగని గ్రహీత బ్యాక్టీరియాతో రాత్రంతా కలిపి ఉంచి, రిఫాంపిసిన్, సల్ఫా రెండూ ఉన్న ప్లేటు మీద పరచండి. కాలనీలు వస్తే అది దాటిపోయే ప్లాస్మిడే. ఈ పరీక్ష మాత్రం ఎల్‌బీ మీద చేయకండి: అందులోని థైమిడిన్ సల్ఫా పనిని కప్పేస్తుంది, లొంగే బ్యాక్టీరియా కూడా లొంగనట్టే కనిపిస్తుంది. ముల్లర్ హింటన్ అగార్ వాడండి.