2008లో మెకెయిన్ ప్రచారం ఆపింది దేశం కోసమా, ఓట్ల కోసమా?

అడిగిన ప్రశ్న ఇది: 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్ ఆర్థిక సంక్షోభం కారణంగా ప్రచారం ఆపేశారు కదా, అది చిత్తశుద్ధితో చేశారా, ఎత్తుగడా? అప్పుడు అక్కడున్న తెలుగువాళ్ళు ఎలా చూశారు?

చిత్తశుద్ధీ ఉంది, ఎత్తుగడా ఉంది. అయితే నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి వేరే. వాషింగ్టన్ వెళ్ళి తాను ఏ పక్షాన నిలబడతాడో తేల్చుకోకుండానే ఆయన ప్రచారం ఆపాడు.

నేనప్పుడు నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉండేవాణ్ణి. బ్యాంక్ ఆఫ్ అమెరికా, వకోవియా రెండింటి ప్రధాన కార్యాలయాలూ ఆ ఊళ్ళోనే. నాలాంటి తెలుగు కుర్రాళ్ళు చాలామంది కన్సల్టెన్సీల ద్వారా ఏదో ఒక బ్యాంకు ప్రాజెక్టులో కాంట్రాక్టర్లుగా పనిచేసేవాళ్ళం. క్లయింట్ ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు తీసేసేది కాంట్రాక్టర్లనే. పైగా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోయాక మరోటి వెతుక్కోవడానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు అప్పట్లో లేదు, అది 2017లో వచ్చింది. ఉద్యోగం పోయిందంటే ఆ రోజు నుంచే వీసా హోదా ప్రశ్నార్థకం. అందుకే మాకు ఓటు లేకపోయినా ఆ వారం వార్తలను మాకంటే శ్రద్ధగా చూసినవాళ్ళు తక్కువే ఉంటారు.

సెప్టెంబర్ 15, సోమవారం పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. అదే రోజు మరో పెట్టుబడి బ్యాంకు మెరిల్ లించ్‌ను బ్యాంక్ ఆఫ్ అమెరికా కొంటోందని ప్రకటన వచ్చింది. అదే రోజు ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో మెకెయిన్ మన ఆర్థిక వ్యవస్థ మూలాలు బలంగానే ఉన్నాయని అన్నాడు. మర్నాడు బీమా సంస్థ ఏఐజీకి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వాల్సి వచ్చింది. ఆ మాట, ఆ వార్త పక్కపక్కన టీవీలో ఎన్నిసార్లు వేశారో చెప్పలేను. ఇంటి నుంచి నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, బ్యాంకులే మునిగిపోతుంటే నీ జీతం డబ్బులు ఏ బ్యాంకులో పెట్టావురా?" అని అడిగారు. డిపాజిట్‌కు లక్ష డాలర్ల వరకు బీమా ఉందని చెప్పి నచ్చజెప్పాను. నా భయమంతా డిపాజిట్ గురించి కాదు, కాంట్రాక్ట్ గురించి. అది ఆయనకు చెప్పలేదు.

ఆ వారాంతానికి ఆర్థిక మంత్రి హెన్రీ పాల్సన్ బ్యాంకులను ఆదుకోవడానికి 70,000 కోట్ల డాలర్లు కావాలని మూడు పేజీల ప్రతిపాదన పంపాడు. దాని మీద బేరాలు నడుస్తుండగా 24వ తేదీ బుధవారం మధ్యాహ్నం మెకెయిన్ ప్రకటించాడు: ప్రచారం ఆపుతున్నాను, వాషింగ్టన్ వెళ్తున్నాను, శుక్రవారం మిసిసిపీలో జరగాల్సిన డిబేట్ వాయిదా వేద్దాం. ఆ ఉదయమే డెమొక్రాట్ అభ్యర్థి ఒబామా ఆయనకు ఫోన్ చేసి ఉమ్మడి ప్రకటన ఇద్దామని ప్రతిపాదించాడు. ఒబామా డిబేట్ వాయిదాకు ఒప్పుకోలేదు. ఒకటికి మించిన పనులు ఒకేసారి చూసుకోవడం అధ్యక్షుడి బాధ్యతల్లో భాగమేనన్నాడు.

ఆఫీసులో నా పక్క సీటు అమెరికన్, కరడుగట్టిన రిపబ్లికన్, "చూశావా, ఇదీ నాయకత్వం" అన్నాడు. ఆ సాయంత్రానికి నాకూ అలాగే అనిపించింది. మెకెయిన్ స్వభావం తెలిసినవాళ్ళు ఆయన్ని శంకించడం కష్టం. వియత్నాంలో బందీగా ఉన్నప్పుడు, ముందు పట్టుబడినవాళ్ళను విడవకుండా నేను వెళ్ళనని ముందస్తు విడుదలను కాదన్న మనిషి. ఆ తర్వాత అక్టోబర్‌లో మిన్నెసోటా సభలో ఒకావిడ ఒబామా అరబ్బు అంటే, మైకు తీసుకుని, కాదమ్మా, ఆయన మంచి కుటుంబీకుడు అని తన సభలోనే సరిదిద్దాడు. దేశం కోసం ఆపానన్న మాటలో నిజం లేదని నేననను.

అయితే 25వ తేదీ గురువారం వైట్‌హౌస్ క్యాబినెట్ గదిలో జరిగింది చూడండి. అధ్యక్షుడు బుష్ పిలుపు మీద ఇద్దరు అభ్యర్థులూ, రెండు పార్టీల నాయకులూ కూర్చున్నారు. డెమొక్రాట్ల తరఫున ఒబామా మాట్లాడాడు. ప్రతినిధుల సభలోని రిపబ్లికన్లు పాల్సన్ పథకానికి అడ్డం తిరిగారు. ఎవరికోసమైతే ఆ సమావేశం పెట్టారో ఆ మెకెయిన్ చాలాసేపు మౌనంగా ఉండి, చివర్లో మాట్లాడినా పథకానికి ఔననలేదు, కాదనలేదు. సమావేశం అరుపులతో ముగిసింది. ఒప్పందం చెడగొట్టొద్దని పాల్సన్ ప్రతినిధుల సభ స్పీకర్, డెమొక్రాట్ నాన్సీ పెలోసీ ముందు మోకాలి మీద కూర్చుని వేడుకున్నాడు. ఆ రాత్రే వాషింగ్టన్ మ్యూచువల్‌ను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అమెరికా చరిత్రలో అంత పెద్ద బ్యాంకు అంతకుముందెప్పుడూ కూలలేదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మెకెయిన్ పలుకుబడంతా సెనేట్‌లో. రెండు పార్టీల వాళ్ళనూ కూర్చోబెట్టి రాజీ కుదర్చడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఆ వారం తిరుగుబాటు సెనేట్‌లో లేదు, ప్రతినిధుల సభలో ఉంది. అక్కడ ప్రతి సభ్యుడూ నవంబర్‌లో మళ్ళీ ఓటర్ల ముందుకు వెళ్ళాల్సినవాడే. వాల్‌స్ట్రీట్‌కు మా పన్ను డబ్బులు ఇస్తారా అని వాళ్ళ ఆఫీసులకు ఫోన్లు హోరెత్తుతున్నాయి. పైగా ఎన్నికల విరాళాల చట్టం, వలస సంస్కరణల విషయంలో మెకెయిన్ మీద ఆ సభలోని రిపబ్లికన్లకు పాత కోపం ఉంది. వాళ్ళను ఒప్పించగలనన్న ధీమా ఉంటే వెళ్ళాలి. లేదంటే వాళ్ళతో కలిసి పథకం వద్దని తెగేసి చెప్పాలి. ఆయన రెండూ చేయలేదు.

శుక్రవారం పొద్దున, ఒప్పందం కుదరకుండానే, డిబేట్‌కు వస్తున్నానన్నాడు. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో అందరం చేరి చూశాం. సంక్షోభం వల్ల మీ వాగ్దానాల్లో ఏవి వదులుకుంటారని డిబేట్ నడిపిన జిమ్ లేహ్రర్ మళ్ళీ మళ్ళీ అడిగితే ఇద్దరూ సూటిగా జవాబు చెప్పలేదు. ఆ విషయంలో ఒబామాను కూడా నేను మెచ్చుకోను.

29వ తేదీ సోమవారం మాత్రం మర్చిపోలేను. పొద్దున్నే వకోవియా బ్యాంకింగ్ వ్యాపారాన్ని సిటీగ్రూప్ కొంటోందని వార్త. షార్లెట్‌లో ప్రతి ఆఫీసులోనూ ఎవరో ఒకరి భార్యో, తమ్ముడో, స్నేహితుడో అందులో పనిచేసేవాళ్ళే. మధ్యాహ్నం ప్రతినిధుల సభ 228-205 ఓట్లతో బిల్లును తిప్పికొట్టింది. రిపబ్లికన్లలో 133 మంది వ్యతిరేకంగా, 65 మంది అనుకూలంగా ఓటేశారు. షేర్ల సూచీ డౌ జోన్స్ ఆ ఒక్క రోజే 777 పాయింట్లు పడింది. మా ఫ్లోర్‌లో పని ఆగిపోయింది, అందరూ స్క్రీన్ల ముందే. కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది, రెజ్యూమె సిద్ధంగా పెట్టుకోమని. తర్వాత అక్టోబర్ 1న సెనేట్ 74-25తో ఆమోదించినప్పుడు మెకెయిన్, ఒబామా ఇద్దరూ అనుకూలంగానే ఓటేశారు. 3వ తేదీన ప్రతినిధుల సభ కూడా ఒప్పుకుంది, బుష్ సంతకం చేశాడు. డిపాజిట్ బీమా రెండున్నర లక్షల డాలర్లకు పెరిగింది ఆ చట్టంతోనే. వారం ముందు వైట్‌హౌస్‌లో ఆ 'ఔను' అనుంటే ఇంకొన్ని ఓట్లు వచ్చేవని నా గట్టి అభిప్రాయం. మరో 12 మంది అటు నుంచి ఇటు వస్తే చాలు, 29నే బిల్లు గట్టెక్కేది.

ఓటమికి ఆ ఒక్క నిర్ణయమే కారణమని చెప్పను. ఇరాక్ యుద్ధం, బుష్ మీద విసుగు, ఇళ్ళ ధరల పతనం... ఏ రిపబ్లికన్ నిలబడ్డా కష్టమయ్యే ఏడాది అది. అయినా నార్త్ కరోలినాలో ఒబామా గెలిచింది పద్నాలుగు వేల ఓట్ల తేడాతోనే. 1976 తర్వాత ఆ రాష్ట్రం డెమొక్రాట్‌కు దక్కడం అదే మొదటిసారి. నా పక్క సీటు ఆయన చివరికి ఓటు మెకెయిన్‌కే వేశాడు. కానీ ఆయన భార్య వకోవియాలో పనిచేసేది, ఆవిడ ఒబామాకు వేసింది. ఎందుకని అడిగితే, "నా ఉద్యోగం పోతుందో ఉంటుందో తేలే రోజున ఆయన ఆ గదిలో కూర్చుని కూడా ఏమీ చెప్పలేదు" అందట.