థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత పెదాల చుట్టూ తిమ్మిరి: సమాధానం

అమ్మగారికి థైరాయిడ్ మొత్తం తీసేసి మూడు రోజులైంది, పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్ళ చివర్లు జివ్వుమంటున్నాయి, నీరసమేమో అని పడుకోబెట్టామన్నారు కదా. అలా వదిలేయకండి. రక్తంలో కాల్షియం పడిపోతే ఇలాగే మొదలవుతుంది. థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి, రక్తంలో కాల్షియంని నిలబెట్టేవి అవే, ఆపరేషన్‌లో వాటికి రక్తప్రసరణ తగ్గితే కాల్షియం తగ్గిపోతుంది, చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది కూడా, కానీ ఈలోపు జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇప్పుడే సర్జన్‌కి ఫోన్ చేయండి, ఈరోజే కాల్షియం పరీక్ష చేయించండి. మా వార్డులో ఇలాగే కాల్షియం తగ్గిన ఒకామెకి బీపీ పట్టీ బిగించి కాసేపు ఉంచేసరికి వేళ్ళు దగ్గరికి ముడుచుకుని మణికట్టు లోపలికి వంగిపోయింది, ఆమె కూడా పొద్దుట్నుంచీ తిమ్మిరి అనే చెబుతూ ఉంది. చేతులు అలా కొంకర్లు పోయినా, మెడ వాచి బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా ఇంకేం ఆలోచించకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ఇంకోటి, థైరాక్సిన్ మాత్ర (తీసేసిన థైరాయిడ్‌కి బదులుగా ఇచ్చే హార్మోన్) పరగడుపున మంచినీళ్ళతోనే వేయండి, కాఫీ కనీసం అరగంట ఆగాకే. కాల్షియం మాత్రకీ దానికీ నాలుగు గంటలు తేడా ఉండాలి, లేకపోతే థైరాక్సిన్ సరిగా ఒంటికి పట్టదు.