పాత నంబరు వదిలే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం. పచ్చళ్లు, పొడులు, పెట్టెల తూకం సంగతి వాళ్లు చూసుకుంటారు. డల్లాస్ విమానం ఎక్కేలోగా నువ్వే చేసుకోవలసిన పని ఒకటుంది. బ్యాంకు కంప్యూటర్ విభాగంలో తల నెరిసినవాణ్ణి కనుక చాదస్తం అనుకున్నా సరే, చెబుతాను. ఇక్కడి సిమ్ వదిలేస్తానన్నావట. అంతకంటే ముందు, ఇంటర్ రోజుల నుంచి తెరిచి వదిలేసిన ఆన్‌లైన్ ఖాతాలన్నీ ఏరి మూసేయి.

వాటిలో ఏముందిలే అంటావు. ఆ పాత ఈమెయిల్ తెరిచి, నువ్వు పంపిన మెయిళ్లు ఒకసారి చూడు. కౌన్సెలింగ్ అప్పుడు జిరాక్స్ షాపుకు పంపిన ఆధార్, పదో తరగతి మెమో, ఆదాయ ధ్రువపత్రం, మీ నాన్న పాన్ కార్డు అక్కడే ఉంటాయి. ప్రింటు చేతికొచ్చాక వాటిని తీసేసేవాళ్లను నేనైతే చూడలేదు. ఉద్యోగాల సైట్లలో పెట్టిన రెజ్యూమేలూ అంతే. పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, తండ్రి పేరు, ఫోన్ నంబరు: మోసగాడికి అడగకుండానే అన్నీ దొరుకుతాయి.

అంతకన్నా పెద్ద చిక్కు, పాత ఖాతా ద్వారా కొత్తదానిలోకి దూరడం. ఇప్పుడు వాడే జీమెయిల్‌కు రికవరీ చిరునామాగా ఆ పాత మెయిలే ఉందేమో చూడు. ఉంటే, ఎవరో పాస్‌వర్డ్ మరచిపోయానని నొక్కినా కోడ్ అక్కడికే పోతుంది. పైగా ఒకే పాస్‌వర్డ్‌ను పది చోట్ల పెట్టే అలవాటు మన ఇంట్లో అందరిదీ. నువ్వు వెళ్లే టెక్సాస్ నుంచి న్యూజెర్సీ దాకా పెట్రోలు మోసే కలోనియల్ పైప్‌లైన్ 2021 మే నెలలో కంప్యూటర్ల మీద దాడి జరిగి ఆగిపోయింది. ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ ఖాతా (బయటినుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) నుంచే దొంగలు లోపలికి వచ్చారు. దాని పాస్‌వర్డ్ అప్పటికే బయట లీకైన జాబితాల్లో ఉంది, ఓటీపీ లాంటి రెండో తాళం లేదు. కంపెనీ ఆ దొంగలకు సుమారు 44 లక్షల డాలర్లు కట్టింది. అంత పెద్ద సంస్థే తన పాత ఖాతాలను లెక్క చూసుకోలేదు.

ఇక పని సంగతి. తొందరపడి మెయిల్ ఖాతానే ముందు తీసేయకు, అది చిట్టచివర. మిగతా వాటిని మూయడానికి వచ్చే లింకులన్నీ దానికే వస్తాయి. యాహూ 2013లో ఏడాదిగా తెరవని ఐడీలను అడిగినవాళ్లకు ఇచ్చేస్తే, పాత యజమానుల మెయిళ్లు కొత్తవాళ్లకు చేరాయి కూడా. నీ పాత మెయిల్ పెట్టెలో ‘వెల్‌కమ్’, ‘వెరిఫై’, ‘పాస్‌వర్డ్’ అని వెతుకు. కోచింగ్ సైట్లు, ఫొటోల సైట్లు, ఒక్కసారి కేకు తెప్పించిన దుకాణం, అన్నీ బయటపడతాయి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే ఖాతా పోయినట్టు కాదు, లోపలికి వెళ్లి డిలీట్ నొక్కాలి. ఆ మీట దొరక్కపోతే పేరు, చిరునామా, పుట్టిన తేదీ తప్పుడువి పెట్టి, కార్డు వివరాలు తుడిచి బయటికి రా. ‘గూగుల్‌తో లాగిన్’ అని చేరినవాటి జాబితా గూగుల్ సెట్టింగుల్లోనే ఉంటుంది, దాన్నీ వదలకు.

సిమ్ మాత్రం అన్నిటి తర్వాత. మూతపడ్డ నంబరును 90 రోజులు దాటాక కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పటికీ నీ ఖాతాలకు అదే నంబరు ఉంటే ఓటీపీలు వాళ్ల ఫోనులో మోగుతాయి. వాట్సాప్‌లో, డిజిలాకర్‌లో నంబరు మార్పు పాత సిమ్ చేతిలో ఉండగానే కానివ్వు. పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా మార్చడానికి ఎలాగూ బ్యాంకుకు వెళ్లాలి, అక్కడే నంబరు మార్పుకూ రాసివ్వు. పాస్‌బుక్ మీ అమ్మ బీరువాలో ఉందట, అడిగి తీసుకో.

మీ మామయ్య