ఆర్కిడ్‌కి మొవ్వు కుళ్లితే

బుజ్జమ్మా,

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని మరీ చూశాను. నీ డెండ్రోబియం ఆర్కిడ్ కొత్త పిలకలో మధ్యాకు నల్లబడి, చుట్టూ పసుపు అంచు కట్టింది కదా. ఆ ఆకుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లిగా లాగు. చేతికి ఊడొచ్చిందంటే మొవ్వు కుళ్లినట్టే. వానాకాలంలో మన కొబ్బరిచెట్ల మొవ్వు తినే ఫైటోఫ్తోరా అనే బూజులాంటి సూక్ష్మజీవే ఆర్కిడ్ల మీదా పడుతుంది.

ఏడవకు. కొబ్బరికి ఉన్నది ఒక్కటే మొవ్వు, అది పోతే చెట్టు పోయినట్టే. నీ డెండ్రోబియం అరటి లాంటిది, ఒక పిలక పోయినా దుబ్బులో ప్రాణం ఉంటుంది. పాత కాడల మొదట్లో, వేళ్లకి కాస్త పైన గోధుమగింజంత ఉబ్బు కనిపిస్తుంది చూడు, అదే కన్ను, కొత్త పిలక పుట్టేది అందులోంచే. కుళ్లు అక్కడిదాకా దిగకుండా ఆపాలి. పిలక మీద ఆశ పెట్టుకోకు. నేను అలాగే ఆశపడి, రేపు చూద్దాంలే అని మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు నా కాట్లియా ఆర్కిడ్ పక్క కాడని పట్టుకుంటే, పండిన సపోటాలోకి దిగినట్టు వేలు దిగిపోయింది. దుబ్బంతా పోయింది.

కొత్త బ్లేడు పట్టకారుతో పట్టుకుని గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి, చల్లారనివ్వు. నలుపుకి అంగుళం కింద, పచ్చగా ఉన్నచోట కొయ్యి. కోసిన ముఖం శుభ్రంగా లేతాకుపచ్చగా ఉందా, సరే. గోధుమరంగు మరక కాస్త కనిపించినా బ్లేడు మళ్లీ కాల్చి ఇంకా కిందికి కొయ్యి. పిలక మొత్తం తియ్యాల్సొచ్చినా చెయ్యి వెనక్కి తీసుకోకు.

గాయానికి దాల్చినచెక్క పొడి అద్దు, తడి పీల్చేస్తుంది. వేళ్ల మీద మాత్రం రాలనివ్వకు, వాటినీ ఎండబెట్టేస్తుంది. మర్నాడు రిడోమిల్ అనే తెగులు మందు లీటరు నీటికి రెండు గ్రాములు కలిపి దుబ్బు మొదట్లో పిచికారీ చెయ్యి, చేతికి గ్లౌజులు వేసుకుని. ఇంట్లో ఉంది కదా అని బ్లైటాక్స్ కొట్టొద్దు. రాగి మందు డెండ్రోబియంకి పడదు, లేత భాగాలు మాడిపోతాయి. కుళ్లు నీళ్లు నీళ్లుగా కారుతూ కంపు కొడుతుంటే అది బాక్టీరియా, రిడోమిల్ దాన్నేం చెయ్యదు. అప్పుడు కొయ్యడం, ఆరబెట్టడం, అంతే.

ఆ కుండీని మిగతావాటికి దూరంగా, గాలి ఆడేచోట పెట్టు. వారం దాకా నీళ్లు పొయ్యకు. కాడల్లో నీళ్లు దాచుకుంటుంది, కాస్త ముడతలు పడ్డా కంగారు లేదు. ఆకులు రాలిన ముసలి కాడలు చూడ్డానికి బాగోవు, నిజమే, అయినా కొయ్యొద్దు. కంటికి తిండి పెట్టేది అవే. ఎరువు ఇప్పుడు వద్దు.

అసలు తప్పెక్కడంటే, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పైపుతో తలమీంచి కొడతానన్నావు కదా, అక్కడ. కొత్త పిలక ఆకులు గరాటులా ఉంటాయి. అందులో నిలిచిన నీళ్లు రాత్రంతా ఆరవు. ఇకమీదట పొద్దున్నే, కుండీలోకి మాత్రమే పొయ్యి. మొవ్వులో చుక్క నిలిస్తే టిష్యూ కాగితం కొస మెలిపెట్టి అద్దితే లాగేస్తుంది. కుండీలో ఉన్న ఆ కోకోపీట్ (కొబ్బరిపొట్టు) కూడా తీసేసి బొగ్గూ, పెంకుముక్కలూ వెయ్యి. కానీ ఈ వారం కాదు, గాయం మానాక.

నీ తెల్లపూల ఫలెనాప్సిస్ ఆర్కిడ్ మాత్రం కొబ్బరి జాతే అనుకో, ఒకటే మొవ్వు. దాని నడినెత్తిన నీళ్లు పడనివ్వకు. మొవ్వు పోయినా కొన్నాళ్లు పారెయ్యకు, ఒక్కోసారి మొదట్లోంచి పిలక వేస్తుంది.

కన్ను కదలడానికి నెలన్నా పట్టొచ్చు, రెండు నెలలన్నా పట్టొచ్చు. ఉబ్బి పచ్చబడగానే ఫొటో పంపు. అప్పుడు సంతోషం కొద్దీ నీళ్లు గుమ్మరించేవు, దాని కొత్త వేరు రెండంగుళాలు సాగేదాకా చూసి చూసి పొయ్యి.

నీ పెద్దమ్మ