మీ బడ్జెట్‌లో మీ అక్కయ్య లెక్క ఎక్కడ?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. నేనూ నా భార్యా ఉద్యోగాలు చేస్తున్నాం. పిల్లలకు 11, 8 ఏళ్లు. రెండేళ్లు సెలవు పెట్టి తెరచాప పడవలో అట్లాంటిక్ దాటి, పసిఫిక్ దీవుల దాకా వెళ్లాలని మా కోరిక. ఇద్దరం సెయిలింగ్ నేర్చుకున్నాం. పిల్లలకు పడవలోనే చదువు చెప్పుకుంటాం. సెకండ్ హ్యాండ్ పడవ ఒకటి చూసిపెట్టుకున్నాం. డబ్బు దగ్గరే ఆగిపోయాం. ఇల్లు అమ్మేస్తే హాయిగా తిరగొచ్చు. అద్దెకిస్తే బొటాబొటిగా సరిపోతుంది. మాతో ఉంటున్న అమ్మకు 76 ఏళ్లు. షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. తనని అక్క చూసుకుంటుంది. అక్కకు ఎలాగూ పిల్లలు లేరు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఇల్లు అమ్మమంటారా, అద్దెకివ్వమంటారా? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మకండి. పడవ ధర ఏటేటా తగ్గేదే. పైగా తిరిగొచ్చాక నలుగురూ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. మీ ప్రశ్నకు జవాబు అంతే.

ఇక మీరు అడగని సంగతికి వద్దాం. అమ్మినా అద్దెకిచ్చినా ఆ ఇంట్లోంచి మీ అమ్మగారు కదలాల్సిందే. ఇంటి గురించి అంత వివరంగా రాశారే, ఆవిడ ఎక్కడికి కదలాలో ఒక్క ముక్కలో తేల్చేశారు: ‘అక్క చూసుకుంటుంది’. ఆ వెనకే ఇంకో వాక్యం, ‘అక్కకు ఎలాగూ పిల్లలు లేరు’. మీ ఉత్తరంలో నన్ను కుదురుగా కూర్చోనివ్వని మాట అదే. పిల్లలు లేని ఆడపడుచు అంటే ఖాళీగా ఉన్న మనిషని మీకెవరు చెప్పారు? ఆవిడకు ఉద్యోగం ఉందో లేదో, భర్త ఆరోగ్యం ఎలా ఉందో, ఆ ఇంట్లో అత్తమామలు ఉన్నారో లేదో ఉత్తరంలో ఎక్కడా లేదు. పడవ గురించి మాత్రం అది సెకండ్ హ్యాండ్ అని కూడా రాశారు.

ఆవిణ్ణి మీరు ఇంకా అడగలేదని నా అనుమానం. అడిగి ఉంటే ‘అక్క ఒప్పుకుంది’ అని రాసేవారు. అడగకపోవడానికి కారణం ఆవిడ కాదంటుందన్న భయం కూడా కాకపోవచ్చు. సరేనంటుందని మీకు ముందే తెలుసు. ఎప్పుడూ కాదనని మనిషిని ఇంట్లో ఎవరూ అడగరు, నేరుగా చెప్పేస్తారు. నాకు ఉత్తరాలు రాసే అక్కల్లో చాలామంది బాధ చాకిరీ గురించి కాదు. కన్నతల్లికి చెయ్యడం వాళ్లకు బరువేమీ కాదు. తమ్ముడు తనని ఒక మాట అడగకుండానే అన్నీ ఏర్పాటు చేసుకున్నాడే అన్నది మాత్రం ఏళ్ల తరబడి గుచ్చుకుంటూనే ఉంటుంది.

కొడుకు కాబట్టి కోరికలన్నీ చంపుకుని తల్లి మంచం పక్కనే కూర్చోవాలని నేను చెప్పను. అలా కూర్చున్నవాళ్లు చివరికి ఆ కోపమంతా ఆ తల్లి మీదే తీర్చుకోవడం చూశాను. కానీ బాధ్యత పంచుకోవడం వేరు, ఇంకొకరి గుమ్మంలో దించేసి వెళ్లిపోవడం వేరు.

ఈ ప్రయాణం మామూలు సెలవు లాంటిది కాదని నాకంటే మీకే బాగా తెలుసు. ఆఫ్రికా తీరం దగ్గరి కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకు దాదాపు 2,700 నాటికల్ మైళ్లు. 5 నాట్ల వేగంతో, అంటే గంటకు 5 నాటికల్ మైళ్ల చొప్పున, రాత్రీ పగలూ సాగినా రోజుకు 120 మైళ్లు, అంటే మూడు వారాల పైమాట. పసిఫిక్‌లో గాలపగోస్ దీవుల నుంచి మార్కెసస్ దీవులకు దూరం దాదాపు 3,000 మైళ్లు. అయిదో రోజున మీ అమ్మగారు జారిపడ్డారని కబురొచ్చిందనుకోండి. ఉపగ్రహ ఫోన్ కబురైతే తెస్తుంది, మిమ్మల్ని తీసుకురాలేదు. వ్యాపార పవనాలు వెనక నుంచి తోస్తున్నప్పుడు వాటికి ఎదురెళ్లి వెనక్కి రావడం కంటే, మిగిలిన దూరం ముందుకు వెళ్లిపోవడమే చాలాసార్లు తేలిక. ఆ మూడు నాలుగు వారాలు ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు మీ అక్కయ్యే చెయ్యాలి, నిర్ణయాలూ ఆవిడే తీసుకోవాలి. అవి ఆవిడకు ఇష్టమై చెయ్యాలి. తప్పించుకునే దారి లేక కాదు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. పడవ కొనడంతో ఖర్చు అయిపోదు. కొన్న ధరలో దాదాపు పదో వంతు ఏటా మరమ్మతులకు పోతుందని పడవల వాళ్లు ఒక లెక్క చెబుతుంటారు. పాత పడవైతే అంతకు మించే. చాపలు, తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే తీగలు, అడుగున వేసే రంగు, ఇంజను, ఏదో ఒకటి డబ్బు అడుగుతూనే ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లు మీ అనుభవం ఎంతో చూస్తారు. పడవను మెరీనాలో, అంటే అద్దె తీసుకునే పడవల రేవులో, నిలపకుండా బయట లంగరు వేసుకుని ఉంటే చాలా ఆదా. ఇవన్నీ మీరు లెక్కేసే ఉంటారు. ఆ లెక్కలో మీ అక్కయ్య పేరు మీద ఒక్క వరసైనా ఉందా? ఇంట్లో సహాయానికి ఒక మనిషి జీతం, అమ్మగారి మందులు, పరీక్షలు, అక్కయ్య పెట్టే సెలవులు, అన్నీ ఆవిడ నెత్తినేనా? చాప చిరిగితే కొత్తది కొనడానికి డబ్బు పక్కన పెట్టినప్పుడు, ఇది అంతకంటే ముందు పెట్టాల్సింది. ఇవి కలిపాక బడ్జెట్ చాలకపోతే, మీకు ఇంకా వెళ్లే స్తోమత రాలేదని అర్థం. ఏడాది ఆగండి.

ఏకబిగిన రెండేళ్లు వెళ్లి తీరాలన్న పట్టుదల ఎందుకో కూడా ఆలోచించండి. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఆ నెలల్లో కరీబియన్‌లో తిరగకపోవడమే మంచిది, చాలా ఇన్సూరెన్స్ పాలసీలు కూడా ఒప్పుకోవు. అందుకే చాలామంది ఆ కాలానికి పడవను ఒడ్డుకెక్కించి, బాగా కట్టించి, విమానంలో ఇంటికి వెళ్లి వస్తారు. మీరూ అలాగే చెయ్యొచ్చు. ఒక సీజన్ సముద్రం, తర్వాత కొన్ని నెలలు అమ్మ దగ్గర. విమాన టిక్కెట్లకు, పడవ ఒడ్డున ఉంచినందుకు ఖర్చవుతుంది, నిజమే. పసిఫిక్ ఈసారికి వదులుకోవాల్సి రావచ్చు. వదులుకోండి. అమ్మగారు ఇల్లు మారక్కర్లేకుండా ఇంట్లో ఒక భాగం ఉంచుకుని మిగతాది అద్దెకివ్వగలరేమో అదీ చూడండి. షుగరు ఉన్న పెద్దావిడకు అలవాటైన గది, తెలిసిన డాక్టరు దూరమవడం చిన్న విషయం కాదు. ఇంతకీ ఆవిడ ఏమంటున్నారో కూడా మీరు రాయలేదు.

పిల్లల చదువు గురించి నాకు పెద్ద బెంగ లేదు. మీ ఆవిడా మీరూ ఒక మాట మీదున్నారు, అది చాలు.

మీ అక్కయ్య దగ్గరకు మీరొక్కరే వెళ్లండి. ఫోన్‌లో కానిచ్చేయకండి. అమ్మగారి ముందు అసలు అడగొద్దు, తల్లి ముందు కాదనడం ఏ కూతురి వల్లా కాదు. పడవ ఫొటోలు తీసుకెళ్లకండి. ఖర్చుల కాగితం తీసుకెళ్లండి. ‘నువ్వు వద్దంటే మేం వెళ్లం, నీ మీద కోపమూ రాదు’ అని చెప్పండి. అలా చెప్పగలిగే స్థితిలో లేకపోతే ఇంకా వెళ్లకండి. వెంటనే సరేనన్నా నమ్మొద్దు, వారం ఆగి మళ్లీ అడగండి. బావగారితోనూ మాట్లాడండి, అది ఆయన ఇల్లు కూడా.

అప్పటిదాకా ఆ పడవకు అడ్వాన్స్ ఇవ్వకండి.