కోరుకొండ వ్యాసం గురించి

అమ్మాయీ, ఆశీస్సులు.

రాజమండ్రి దగ్గరి కోరుకొండ గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. "వేల ఏళ్ల ఘన చరిత్ర కలిగిన గ్రామం" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టేయి, అది ఏ ఊరికైనా అతుకుతుంది. ఆ ఊరికే చెందిన మాట శాసనంలో ఉంది: అక్కడ ఏలిన ముమ్మడి నాయకుడు, శకవర్షం 1275. 78 కలిపితే క్రీ.శ. 1353. కాకతీయుల ఓరుగల్లు పడిపోయింది 1323లో. అంటే అప్పటికి 30 ఏళ్లు. పెద్ద రాజ్యం కూలాక నాయకులు తలో కోటను పట్టుకుని నిలబడిన కాలం అది. అంత విలువైన తేదీని చివరి పేరాలో పడేశావు. ముందుకు తీసుకురా.

మా కోనసీమ లంకల్లో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే, రాయి తగలదు. గుడి గడపకైనా బయటి నుంచే రావాలి. అలాంటి డెల్టాకు ఎగువన, మెట్టలో నిటారుగా లేచిన కొండ అంటే ఏమిటో చదివేవాళ్లకు తెలియాలి కదా! మెట్లన్నీ ఎక్కి చూసిన దానివి, ఒక్క ముక్క రాయలేదేం?

శాసనం చూడటానికి మిట్టమధ్యాహ్నం వెళ్లకు. పొద్దువాలే వేళ వెళ్లు. లేదంటే టార్చిలైటును పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించి పట్టు. గాడిలో నీడ నిలిచి అక్షరం తేలుతుంది. సుద్ద రుద్దకు, నూనె పూయకు. ఒక గుడిలో శాసనం మీద మందంగా రంగు వేసేశారు. వేలితో తడిమితే "శ్రీ" ఒక్కటే తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంవత్సరం మాటల్లో చెక్కి ఉంటే బెదరకు. శర అంటే 5, శైల అంటే 7, రవి అంటే 12. ఈ వరుసలో ఉంటే వెనక నుంచి చదువు, 1275 వస్తుంది.

పూజారి గారు చెప్పిన స్థలపురాణాన్ని చరిత్రలో కలిపేశావు. తీసేయమనను, అది ఊరి నమ్మకం. "అని చెబుతారు" అని వేరుగా, ఆయన మాటల్లోనే ఉంచు.

మళ్లీ వెళ్లినప్పుడు చుట్టుపక్కల పొలాల పేర్లు రాసుకో. గోడలు పోయిన చోట కూడా కోటదిబ్బ, అగడ్త వంటి పేర్లు రైతుల నోట నిలుస్తాయి. పశువుల కాపరులను, కోతకు వచ్చే ఆడవాళ్లను ముందు అడుగు. వాళ్లనెవరూ ఇంతవరకూ అడిగి ఉండరు.

తిరగరాసిన ప్రతితో పాటు, శాసనం చూసి నువ్వు చేత్తో రాసుకున్న కాగితం కూడా పంపు. పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి